ఆగని పెన్సిలు

హన్మండ్లు సిలిండరు మూతి బిగించి, దాని చుట్టూ వేలితో సబ్బు నురగ పూశాడు. బుడగ లేవలేదు. అప్పుడు గానీ స్పానరును నడుముకు చెక్కుకోలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. మెడ నరాలు తాళ్లలా తేలాయి. సిలిండర్లు దొర్లించి దొర్లించి కుడి భుజం కిందికి వాలింది. పొద్దున ఎల్లారెడ్డిలో మొదటి బస్సెక్కి కామారెడ్డి రావడం, ఈ నర్సింగ్ హోంలో ఆక్సిజన్ గాలి సిలిండర్లు మార్చడం, సాయంత్రం తిరిగి పోవడం. పదహారేళ్లుగా ఇదే.

మూడో మంచం మీద నాగిరెడ్డిపేట దుర్గవ్వ. కట్టెల పొయ్యి ఊది ఊది ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. హన్మండ్లు ఆమెకు కాగితం, పెన్సిలు అందించాడు. గాలి పెట్టిన ప్రతి మనిషి చేతా గంటకోసారి పేరు రాయించడం అతని అలవాటు.

"నాకు రాయరాదన్నా."

"నేర్పిస్త. గీ ఒక్క అక్షరం చాలు. దు."

"కాటికి కాళ్లు సాపినంక సదువా? మా మనుమరాలు నవ్వుతది."

"నవ్వనీ. రాయి."

వంకరటింకరగా ఆరు 'దు'లు రాసింది.

నర్సు సాయిలత, వేలికి తగిలిస్తే ఒంట్లో గాలి నూటికి ఎంతుందో చూపే కొత్త మిషను చూపింది. "గిది ఉండంగ నీ పరీక్షలెందుకు తాతా? డాక్టరు సారు సుత నవ్వుతుండు."

"నీ మిషను నీది, నా పని నాది బిడ్డా."

ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో, ఇరవై రెండేళ్లప్పుడు, అతను దక్షిణాన ఒక విమానాల క్యాంపులో కూలీగా చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసిన పాత విమానం ఒకటి అక్కడ మిగిలింది. బాంబులు పేర్చిన చోట ఇప్పుడు మనుషులు కూర్చునేవారు. మేఘాలు కిందికి పోయి, గాలి పలచబడే ఎత్తులో, గాలి మాస్కు తీస్తే మనిషి ఎంతసేపు తెలివిలో ఉంటాడో డాక్టర్లు పరీక్షించేవారు. మాస్కు తీసినవాడు తన పేరు రాస్తూ ఉండాలి. మాస్కుతో పక్కన కూర్చున్న హన్మండ్లుకు ఒకటే హుకుం: పెన్సిలు ఆగితే మాస్కు తొడుగు.

ఒక రోజు హరిలాల్ అనే కుర్రాడు మాస్కు తీసి రాశాడు. నవ్వుతూ రాశాడు. పేజీ నిండితే తిప్పి రాశాడు. పెన్సిలు ఆగలేదు. ముందరున్న డాక్టరు వెనక్కి వచ్చి చూసేసరికి మొదటి రెండు వరుసల్లోనే పేరుంది. మిగతావన్నీ సున్నలు, మెలికలు. మాస్కు తొడిగినా మనిషి దక్కలేదు.

"నీకు కనబడలేదా?" అన్నాడు డాక్టరు.

"రాస్తనే ఉండె సార్," అన్నాడు హన్మండ్లు. అప్పటికి అతనికి చదువు రాదు.

తర్వాత ఊరికొచ్చి, కూలి చేసుకుంటూ నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నాడు. అయినా హరిలాల్ అతన్ని విడిచి పోలేదు. సిలిండరు బుసమన్నప్పుడల్లా ఎదుటి స్టూలు మీద కూర్చుని, నవ్వుతూ రాస్తుంటాడు.

మధ్యాహ్నం మంచాలు జరిపి గది కడిగారు. వేలి మిషను పక్క గదికి పోయింది. గంట కొట్టగానే హన్మండ్లు కాగితం ఇచ్చాడు. దుర్గవ్వ మంచి హుషారు మీద ఉంది.

"కల్లు తాగినట్టు మంచిగుందన్నా. ఇంటికి పోత," అని నవ్వింది. పెన్సిలు గబగబా కదులుతోంది. కాగితం నిండా సున్నలు.

ఇవి రాయరాని చేతి గీతలా, తెలివి తప్పుతున్న గీతలా?

"చెల్లె, దు రాయి."

"రాస్తనే ఉన్న గద."

అతను కిందికి వంగాడు. గాలి పైపు మంచం చక్రం కింద నలిగి ఉంది. ఎవరినీ పిలవలేదు. వాలిన భుజం ఆనించి మంచం లేపి, కాలితో పైపు లాగాడు. ఆ చప్పుడుకు సాయిలత మిషనుతో పరుగెత్తి వచ్చింది.

"డెబ్బై రెండే తాతా," అంది. కాసేపటికి, "ఎక్కుతుంది... తొంభై."

సాయంత్రం దుర్గవ్వ మళ్లీ 'దు' రాసింది. హన్మండ్లు తలెత్తి చూస్తే ఎదుటి స్టూలు ఖాళీగా ఉంది.

బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపుకుని, చాయ్ తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఒళ్లు తేలిగ్గా ఉంది. ఎందుకో నవ్వొచ్చింది. చాయ్ చల్లారింది. పక్కనున్న మనిషి, ముసలాయనకు కునుకు పట్టిందనుకుని, గ్లాసు చల్లబడ్డ వేళ్లలోంచి తీసి పక్కన పెట్టాడు.

"గా సీటెవరిది?" అన్నాడు కండక్టరు.

"ఎవరో తాత తువ్వాల ఏసిపోయిండు. వస్తడు," అంది ముందు సీటామె.

బస్సు కదిలింది. లింగంపేట దాటినా, నిలబడ్డవాళ్లు కూడా ఆ తువ్వాలను తీయలేదు. కిటికీ గాలికి అంచు లేచి పడుతూ, అది ఎల్లారెడ్డి దాకా పోయింది.