నాలుగో కూన

“నీ పేరే రాయాల్సి వస్తుంది, మారైకె. వేరే దారి లేదు,” అన్నాడు ఫోల్కర్, ఆమె ముచ్చికలు తీసి పెట్టిన స్ట్రాబెర్రీల్లోంచి పెద్దది ఏరి నోట్లో వేసుకుంటూ.

మూడింటికి సమావేశం. అడవిపిల్లుల సంరక్షణ సంఘం మొత్తం దిగుతుంది. అడవిలో చెట్టుకు కట్టిన ఏడో నంబరు కెమెరా ముందు తల్లి వెంట నాలుగు కూనలు తిరిగేవి. మే నెలాఖరు నుంచి మూడే తిరుగుతున్నాయి. ఆ కొండల్లో యాభై ఏళ్ల తర్వాత పుట్టిన కూనలవి. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. నాలుగో కూన మాయమైన రోజు కెమెరా మూడు గంటలపాటు ఒక్క ఫొటో తీయలేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుందని, బ్యాటరీలు మార్చే పని మారైకెదని, కాబట్టి తప్పు కూడా ఆమెదేనని ప్రాజెక్టు అధిపతి హోదాలో ఫోల్కర్ తేల్చేశాడు. ఆ మాట కాగితం మీదికెక్కి ప్రకృతి శాఖకు వెళ్తే ఆమె అడవి అనుమతి రద్దవుతుంది. ఇక ఆ అడవిలో అడుగు పెట్టడానికి వీల్లేదు.

“తొమ్మిదేళ్లలో ఒక్క రిపోర్టులోనూ నా పేరు రాయలేదు నువ్వు.”

“అందుకేగా ఇప్పుడు రాస్తానంటున్నాను,” అన్నాడతను. అది హాస్యమని అతనికి తెలియదు. ఇంకో పండు తీసుకున్నాడు. “కేకు మీద క్రీము తక్కువ వెయ్యి. మన అధ్యక్షుడు ఓట్మార్‌కు కొలెస్ట్రాల్.”

మారైకె ముచ్చికలు తీస్తూనే ఉంది. ఏటా చలికాలం నలభై కర్రలు గరుకుగా చెక్కి, వాటికి వలేరియన్ వేరు కషాయం పట్టించి, మంచులో పాతి వచ్చేది ఆమే. పిల్లులు ఆ వాసనకు మైమరచి కర్రకు ఒళ్లు రుద్దుకుంటాయి. ఆ కర్రకు అంటుకున్న వెంట్రుకలను పట్టకారుతో ఏరేదీ ఆమే. కషాయం వాసన పాత మేజోళ్ల కంపులా ఉంటుంది. “ఆ కంపుతో పక్కలోకి రాకు,” అనేవాడు ఫోల్కర్. అదే కంపుతో వచ్చిన ఫలితాలను మాత్రం సభల్లో చదివేవాడు. ఏడాదికి నలభై వేల ఫొటోలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆమె చూస్తుంది. అందులో ముప్పై తొమ్మిది వేలు జింకల పిరుదులు. మిగతావాటిలో ఏ పిల్లి ఏదో, ఎవరి కూన ఎవరో, నడకను బట్టి చెప్పగలదు. “మావాడు ఎండనకా వాననకా అడవిలో తిరుగుతుంటే నువ్వు హాయిగా ఇంట్లో కూర్చుని బొమ్మలు చూసుకుంటావు,” అనేది అత్తగారు గేర్లిండె. రిపోర్టులో ఆ బొమ్మలు చూసినదాని పేరు ‘ప్రాజెక్టు బృందం’. బృందానికి ఒక పేరు, రెండు కళ్లు, ఒక నడుంనొప్పి ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. పోయినేడు టీవీ వాళ్లొచ్చి మీరెలా గుర్తుపడతారని అడిగితే ఫోల్కర్, “అది రక్తంలో ఉండాలి,” అన్నాడు. అప్పుడు బృందం కెమెరా వెనక నిలబడి, కాలరు సరిచేసుకొమ్మని అతనికి సైగ చేస్తూ ఉంది.

అతను స్నానానికి వెళ్లగానే మారైకె చేతులు తుడుచుకుని ఏడో నంబరు కెమెరా కార్డు మరోసారి తెరిచింది. ఒక సంగతి రాత్రి నుంచీ ఆమెకు మింగుడుపడలేదు. చచ్చిన బ్యాటరీ మూడు గంటల తర్వాత దానంతటదే బతికొచ్చి జింక పిరుదును ఫొటో తీయదు.

ఖాళీకి ముందున్న చివరి ఫొటో తెరిచింది. అంతా మసక. ఏదో ముదురు రంగు గుడ్డ లెన్సు మీదికి వచ్చేస్తోంది. పెద్దది చేసి చూసింది. టోపీ లోపలి అస్తరు. చిరిగిన చోట ఎర్ర దారంతో అడ్డదిడ్డంగా కుట్లు.

ఆకుపచ్చ దారం అయిపోయినందుకు ఎర్రదారంతో కుట్టింది మారైకే.

తేదీ చూసింది. క్రీస్తు ఆరోహణ పండుగ గురువారం. ఆ రోజు ఊళ్లో మగవాళ్లంతా తండ్రుల దినమంటూ చెక్కబండి నిండా బీరు సీసాలు పేర్చుకుని అడవిలోకి లాక్కుపోతారు. తండ్రులు కానివాళ్లు ఇంకాస్త ముందుగా బయల్దేరతారు. ఫోల్కర్ పొద్దున ఎనిమిదింటికే వెళ్లాడు.

అంటే, కెమెరా ఉన్న చెట్టు కింద చతికిలబడి, దాన్ని కొక్కెం అనుకుని టోపీ తగిలించాడు. అంతవరకూ అర్థమైంది. కానీ టోపీ కూనను మింగదు. మారైకె ఆ ఫొటో అచ్చు తీసి, కూనల ఫొటోలున్న ఫైల్లో పెట్టుకుని, కేకు మీద క్రీము రెట్టింపు వేసింది.

సమావేశం గేర్లిండె ఇంట్లో, ఆమె హాలు పెద్దదని. రెండు ఆదివారాలుగా మారైకె అత్తగారింటి కాఫీకి వెళ్లలేదు, కూనను వెతుకుతూ అడవిలోనే గడిపింది. తలుపు తీసిన గేర్లిండెను చూసి ఆగిపోయింది. పెద్దావిడ రెండు చేతులకూ మోచేతుల దాకా గాట్ల మీద అతికించిన చిన్న చిన్న ప్లాస్టర్లు.

“ఏమైంది అత్తయ్యా?”

“ప్రిన్స్,” అంది గేర్లిండె మురిసిపోతూ. “నా పిల్లి. ముద్దొస్తే కొరుకుతాడు. వాడికి నేనెప్పుడూ ముద్దొస్తూనే ఉంటాను. నువ్వొచ్చి చూస్తేగా నీకు తెలిసేది! సరే, ముందు అందరికీ కాఫీ పోద్దువు రా.”

ఏడుగురు సభ్యులు కూర్చున్నారు. అధ్యక్షుడు ఓట్మార్, ముప్పై ఏళ్లు అడవి అధికారిగా చేసినవాడు, క్రీము చూసి సంతోషంగా కళ్లు మూసుకున్నాడు. మారైకె కాఫీ పోసింది, కేకు కోసింది, తర్వాత మినిట్స్ పుస్తకం తీసింది. మినిట్స్ రాసేది కూడా బృందమే.

“విషయం బాధాకరం,” అని మొదలుపెట్టాడు ఫోల్కర్. “కానీ సంస్థ అన్నాక బాధ్యత ఉండాలి. నా భార్యే అయినా సరే...”

అంతలో ఎవరిదో ఫోర్కు జారి సోఫా కిందికి దొర్లింది. అందరూ మారైకె వైపు చూశారు. ఆమె మోకాళ్ల మీద వంగింది.

సోఫా కింద చీకట్లోంచి ఒక బుస. రెండు కళ్లు. ఎడమ చెవి అంచున చిన్న కత్తిరింపు, కండక్టరు టిక్కెట్టుకు కొట్టినట్టు. ఆ చెవిని మారైకె నాలుగు వందల ఫొటోల్లో చూసింది.

మెల్లగా లేచి కుర్చీలో కూర్చుంది. కాఫీలో చక్కెర కావాలా అన్నంత మామూలుగా అడిగింది.

“ప్రిన్స్ ఎప్పుడొచ్చాడు అత్తయ్యా?”

“ఆరోహణ గురువారం. మావాడే తెచ్చాడు,” గేర్లిండె కొడుకు భుజం తట్టింది. “కట్టెల మోపు పక్కన ఏడుస్తోందిట, ఎవరో పాపిష్టివాళ్లు వదిలేశారుట. పాపం చలేస్తుందని టోపీలో చుట్టి, బండిలో సీసాల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు. చిన్నప్పట్నుంచీ జాలిగుండె వాడిది.”

అందరి కళ్లూ బల్ల మీదికి మళ్లాయి. కేకు పళ్లెం కింద పరిచి ఉన్న సంఘం కరపత్రం మీద ఫోల్కర్ బొమ్మ నవ్వుతోంది. బొమ్మ కింద పెద్ద అక్షరాలు: అడవిలో కనబడిన పిల్లికూనను అనాథ అనుకుని ఇంటికి తేకండి. ఆ వాక్యం రాసింది కూడా బృందమే.

“ఆగండాగండి,” అన్నాడు ఫోల్కర్. “అది మామూలు ఇంటిపిల్లి. నేను చూశాను. ఆమాత్రం నేనెరగనా?”

“ఎలా ఎరుగుదువు?” అన్నాడు ఓట్మార్, పళ్లెం పక్కన పెడుతూ. “అడుగుతున్నానంతే. ఇంటిపిల్లికీ అడవిపిల్లికీ తేడా ఏమిటి?”

“తోక,” అన్నాడు ఫోల్కర్. “తోక అనేది... వీపు మీద చారలు కూడా... అంటే మొత్తంగా చూసినప్పుడు...”

అతను మారైకె వైపు చూశాడు. తొమ్మిదేళ్లుగా ప్రతి సభలోనూ ఈ క్షణంలో అలాగే చూశాడు. ఆమె పెదవులు కదిపేది, అతను గట్టిగా చెప్పేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. మారైకె తన పళ్లెంలోంచి కేకు ముక్క ఒకటి ఫోర్కుతో తుంచుకుని నోట్లో పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఒక సమావేశంలో ఆమె కూర్చుని తిన్న మొదటి ముక్క అది. నిదానంగా నమిలింది. క్రీము బాగా కుదిరింది.

ఈలోగా జవాబు ప్రిన్స్ చెప్పాడు. సోఫా కిందినుంచి ఒక పంజా వచ్చి ఫోల్కర్ మేజోడును, దాంతోపాటు కాస్త ఫోల్కర్‌ను పట్టుకుంది. అతను కుర్చీ ఎక్కాడు.

“ముద్దొస్తున్నాడు వాడికి,” అంది గేర్లిండె. ఆ తర్వాత తన ప్లాస్టర్లు చూసుకుంది, కరపత్రం చూసింది, కుర్చీ మీది కొడుకును చూసింది. “ఒరే ఫోల్కర్, పదిహేడు రోజులుగా నేను వంటింట్లో పెంచుతున్నది మృగాన్నా?”

మారైకె ఫైల్లోంచి రెండు ఫొటోలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి కత్తిరింపు చెవి. రెండోది ఎర్రదారం కుట్లు. ఓట్మార్ కళ్లజోడు పెట్టుకుని మొదటిది చూసి సోఫా కిందికి వంగాడు, రెండోది చూసి వసారాలో వేలాడుతున్న ఫోల్కర్ టోపీ తెచ్చి బోర్లించాడు. ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. గాయపడిన జంతువుల కేంద్రానికి ఫోను చేసి, బోను పట్టుకుని గంటలో రమ్మన్నాడు. కూన ఇంకా చిన్నదే, మనుషులకు మచ్చిక కాలేదు, తల్లి దగ్గరికి చేర్చే ఆశ ఉందన్నారట.

“మచ్చికా? ఆ ముచ్చటే లేదు,” అంది గేర్లిండె చేతులు చూపిస్తూ.

“ఇంట్లో మాట్లాడుకుందాం, మారైకె,” అన్నాడు ఫోల్కర్ కుర్చీ మీదినుంచే, గొంతు తగ్గించి. “మినిట్స్‌లో ‘పొరపాటున’ అని రాయి. పేర్లెందుకు? ‘ప్రాజెక్టు బృందం’ అని రాస్తే చాలు.”

మారైకె కలం మూత తీసింది. రెండు వరుసలు రాసింది. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“చదువమ్మా,” అన్నాడు ఓట్మార్. “ప్రకృతి శాఖకు అదే వెళ్తుంది.”

ఆమె లేచి నిలబడి అందరికీ వినిపించేలా చదివింది.

“నాలుగో కూనను గుర్తుపట్టినది, మారైకె బ్రాండిస్. ఎత్తుకుపోయినది, ఫోల్కర్ బ్రాండిస్.”