మా స్టాపులో ఆగని బస్సు

మా నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంటు సెల్లారులో మీటింగంటేనే నాకు ఒళ్లు మంట. కుర్చీలు వేసేది ఒకరు, సమోసాలు తినేది ఇంకొకరు. అయినా ఆ ఆదివారం సాయంత్రం అందరికంటే ముందు వెళ్లి మొదటి వరసలో కూర్చున్నాను. కార్పొరేటరు రోహిణి వస్తోంది, బస్సు సంగతి తేల్చుకోవాలి.

మా ఇంట్లో వంట చేసే భాగ్యమ్మది మూసాపేట. సాయంత్రం పని ముగించుకుని మెట్రో ఎక్కాలంటే టవర్ల వెనక సందులోంచి నడిచి వెళ్లాలి. మొన్న ఎవడో ఆ సందులో బైకు మీద వెంటపడ్డాడు. బస్సులో వస్తే సరే, లేకపోతే పని మానెయ్యమని కొడుకు సాయిచంద్ తేల్చి చెప్పేశాడు. మెట్రో దాకా మా కాలనీ కోసం కొత్తగా బస్సయితే వేశారు గానీ మా స్టాపులో ఆగి చావదు. "ఇగ రేపటి సంది రానమ్మా" అని ఆ మధ్యాహ్నమే చెప్పేసింది భాగ్యమ్మ. కూరదేముంది, ఎవరైనా వండుతారు. మా వారి మీద నేను చెప్పే చాడీలు ఓపిగ్గా వినే మనిషి మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

రోహిణి ఈ ఊరి ఆడపడుచే, మైకు అక్కర్లేని గొంతు. "సందుల లైట్లు పెట్టించిన. మలుపు కాడ కెమెరాలు పెట్టించిన. పోలీసు బండి గూడ తిరుగుతది," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కాస్త తగ్గి, "బస్సు మాత్రం వచ్చే వారం సంది బంద్ అంటున్రు. మీ స్టాపుల ఎవ్వరు ఎక్కుతలేరంట," అంది.

నేను లేచాను. "ఎక్కకపోవడమేంటండీ రోహిణి గారూ? మా భాగ్యమ్మా, పక్క అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లూ రోజూ అక్కడ పడిగాపులు పడుతున్నారు. ఆ డ్రైవరు మహానుభావుడు ఆపితే కదా ఎక్కడానికి."

మా వారు సోమేశ్వరరావు నా కొంగు పట్టి లాగారు. నేను కూర్చోలేదు.

"ఆపుతలేడా? నడువుండ్రి, ఆయన సంగతేందో ఇయ్యాల్నే చూద్దాం," అంది రోహిణి.

మీటింగు మొత్తం ఆవిడ వెనకే నడిచింది. రోడ్డు మీద కార్లు దూసుకుపోతుంటాయి కాబట్టి, అప్పటికే అక్కడున్న భాగ్యమ్మా వాళ్లతో పాటు స్టాపు షెడ్డు లోపలికి వెళ్లి నిలబడ్డాం. బస్సు చప్పుడు వినపడింది. షెడ్డు ముందు కట్టిన ఫ్లెక్సీ పక్కనుంచి ఒక్కొక్కరం బయటికి వచ్చేసరికి బస్సు మమ్మల్ని దాటిపోయింది. రోహిణి చెయ్యెత్తి కొంతదూరం పరిగెత్తింది, లాభం లేకపోయింది. కార్పొరేటరుకే ఆగలేదు, భాగ్యమ్మకేం ఆగుతుంది అనుకున్నాను.

ఆవిడ రొప్పుకుంటూ వెనక్కి తిరిగి, అక్కడే ఆగిపోయింది. ఎదురుగా ఫ్లెక్సీ మీద తన మొహమే, గోడంత. కాలనీకి బస్సు తెచ్చిన ఆడబిడ్డకు అభినందనలు అని పెద్ద అక్షరాలు. చుట్టూ భర్త రవీందర్, పార్టీ నాయకుడు పెద్దన్న, ఇంకా ఎందరెందరో. అడుగున ఓ మూల మా వారు కూడా ఉన్నారు. వచ్చే డ్రైవరుకి నవ్వుతున్న నాయకులు తప్ప వెనక నిలబడ్డ మనిషి ఒక్కరూ కనపడరు.

"ఎవరు కట్టిన్రు దీన్ని?" అంది రోహిణి.

"మనోళ్లే, ప్రేమతోటి," అన్నాడు మీటింగు నుంచి మాతోనే వచ్చిన రవీందర్ మెల్లగా. "ఇప్పుడు పీకకు. పెద్దన్న ఫొటో ఉంది, ఆయన మనుషులు లొల్లి చేస్తరు."

అతను చెప్పిందీ నిజమే. మా దగ్గర రోడ్డు తవ్వినా ఎవరూ అడగరు గానీ నాయకుడి ఫ్లెక్సీ మీద చెయ్యి వేస్తే ఊరుకోరు. "మేం ముట్టుకుంటే బతకనిస్తరా అమ్మా," అంది భాగ్యమ్మ.

"పెద్దన్నకు నేను చెప్పుకుంట. బస్సు పోయినంక ఈ మొహం ఏడ పెట్టుకోవాలె?" అంటూ రోహిణి కొబ్బరిబోండాల బండి మీది కత్తి తీసుకుని తాళ్లు కోసేసింది. కిందపడ్డ ఫ్లెక్సీలో ఎవరి మొహానికీ కాలు తగలకుండా మడతపెట్టడానికి మా వారూ, రవీందరూ పడ్డ అవస్థ చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను.

ఆ తర్వాతి బస్సు మలుపు తిరుగుతూనే నెమ్మదించి, మా ముందుకొచ్చి ఆగింది.

"ఏంది మేడం, ఈడ ఇంతమంది ఉంటరా?" అన్నాడు డ్రైవరు.

రోహిణి ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి డిపోకి ఫోను చేసింది. "ఎవ్వరు ఎక్కుతలేరన్నరు గద సార్. ఎక్కుతున్నరు, లెక్క పెట్టుకోండ్రి." అటువైపు మనిషి ఏదో అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. "బస్సు తీసేయరంట. ఎక్కుండ్రి అక్కా."

భాగ్యమ్మ కిటికీ దగ్గర సీటు పట్టుకుంది. బస్సు కదులుతుంటే తల బయటపెట్టి, "అమ్మా, రేపు పగటీలి మినప్పప్పు నానబొయ్యి. వచ్చి గారెలు చేస్త," అంది.

ఇంటికి రాగానే డబ్బా తీసి పప్పు గిన్నెలో పోశాను.

"రేపు పగలు కదే పొయ్యమంది? పులిసిపోతుంది," అన్నారు మా వారు.

"పులిస్తే పులవనివ్వండి," అని నీళ్లు పోశాను.