పావు చుట్టు చాలు

కుట్టుమిషన్ల రిపేరు కొట్టులో ముందు బల్ల దగ్గర కూర్చునేది మెకానిక్. వెనక గదిలో, కిటికీ పక్కన, మిషన్లు విప్పుకుని కూర్చునేది ఆయన భార్య. దారం తెగుతోందనీ, కుట్టు వదులవుతోందనీ జనం మిషన్లు మోసుకొస్తే, ఆమె కింది దారం ఉండే బాబిన్ కేసు మీది బుల్లి స్క్రూను గోరంత తిప్పి, ఒక గుడ్డముక్క మీద కుట్టి చూసి ముందుకు పంపేది. "మీ చెయ్యి పడితే చాలు, మెకానిక్ గారూ!" అని జనం ముందు బల్లకే దండం పెట్టేవారు. ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. ఇందులో తప్పేముందని మీకు అనిపించవచ్చు. ఆయనకూ అలాగే అనిపించింది.

వాళ్లమ్మాయికి రంగుల క్యూబు అంటే ప్రాణం. కలగాపులగంగా ఉన్న ఆరు వైపుల్నీ ఇరవై సెకన్లలో ఒక్కో రంగుకు తెచ్చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పెద్ద పోటీ ఉందనగా, గురువారంనాడు "బిగుసుకుపోతోంది నాన్నా" అంది. అడగడమే ఆలస్యం, ఆయన హుషారుగా మిషన్ ఆయిల్ డబ్బా అందుకుని క్యూబుకు స్నానమే చేయించాడు. ఆ పూటంతా బ్రహ్మాండంగా తిరిగింది. తరవాత దుమ్ము పట్టి జిగురయ్యింది. ఆదివారం పొద్దున ఒక మూల పుటుక్కున విరిగి పిల్ల చేతిలోకి వచ్చేసింది.

"ఇనుముకు పోసే నూనె ప్లాస్టిక్కుకు పోస్తారా ఎవరైనా?" అంది భార్య.

"ఇప్పుడా చెప్పడం?" అని ఆయన ఎదురు విసుక్కున్నాడు. ముగ్గురూ ఆటవస్తువుల దుకాణానికి పరుగెత్తారు.

దుకాణదారు క్యూబులన్నీ ఆయన ముందే పరిచాడు. ఆయన వేలితో కొడితే గిర్రున తిరిగేదాన్ని పట్టుకున్నాడు. ఆమె మాత్రం ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది, సగం తిప్పి ఆపి మూల నొక్కి చూసింది.

"ఇది తీసుకుందామండీ. అది మరీ వదులు. అసలే మన పిల్లది దూకుడు చెయ్యి."

"వదులుంటేనే జోరు! నీకేం తెలుసు, ఊరుకో."

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మెకానిక్ నాన్నే కదా! ఆయన చెప్పిందే తీసుకుంది.

పోటీ హాలు కిటకిటలాడుతోంది. ఎటు చూసినా పిల్లలే, ఎటు విన్నా టకటకలే. మొదటి రౌండులో పిల్ల చేతులు మెరుపులా కదిలాయి. మెకానిక్ కుర్చీ అంచుకు జరిగి ఊపిరి బిగబట్టాడు. టప్పున ఒక ముక్క ఎగిరి బల్ల కిందికి దొర్లింది! దాన్ని వెతికి పెట్టుకునేసరికి నలభై ఒక్క సెకన్లు. రెండో రౌండులో ఇరవైకి లోపు రాకపోతే ఇక ఇంటిదారే. మధ్యలో పావుగంట విరామం.

"నాన్నా, బాగుచెయ్యి! తొందరగా!" పిల్ల కళ్లనిండా నీళ్లు.

ఆయన క్యూబు అందుకున్నాడు. ఎక్కడ విప్పాలో తెలియలేదు. ఎన్నేళ్లయింది తన చేత్తో ఒక స్క్రూ తిప్పి? లెక్కకు అందలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాకు చేతకాదమ్మా," అన్నాడు. "అమ్మకివ్వు."

ఆమె సంచిలోంచి బాబిన్ స్క్రూడ్రైవరు అప్పటికే బయటికొచ్చింది. క్యూబుకు ఒక్కో వైపునా నడిమి గడి మీదున్న మూతను గోటితో లేపింది. ఒక్కోదాని కింద ఒక స్ప్రింగు, ఒక స్క్రూ. అలాంటివి మొత్తం ఆరు. ఒక్కోదాన్నీ పావు చుట్టు బిగించింది.

"తిప్పి చూడు. నా చేతికి కాదు, నీ చేతికి ఎలా ఉందో చెప్పు."

"పట్టేస్తోందమ్మా."

అన్నింటినీ వెంట్రుకవాసి వదులు చేసింది. "ఇప్పుడో?"

పిల్ల ముఖం వెలిగిపోయింది. "అమ్మా! ఇదే! ఇదే!"

రెండో రౌండు మొదలైంది. ముక్క ఎగరలేదు, ఎక్కడా పట్టలేదు. పిల్ల క్యూబు బల్ల మీద పెట్టి, రెండు చేతులతో గడియారాన్ని నొక్కి ఆపింది. పదిహేడున్నర! పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఇంత వేగం చూడలేదు. మెకానిక్ కుర్చీ పడిపోయేలా లేచి ఈల వేశాడు. ఈల వేయడం వచ్చని ఆయనకే తెలియదు.

పిల్ల తండ్రి మెకానిక్కని ఎవరో చెప్పినట్టున్నారు, న్యాయనిర్ణేత నవ్వుతూ ఆయన దగ్గరకు వచ్చాడు. "క్యూబు సరిచేసింది మీరేనటగా, మెకానిక్ గారూ! భలే చెయ్యండీ మీది!"

పాత అలవాటు ప్రకారం మీసాల చాటున నవ్వు మొదలైంది. అంతలో పక్కనే స్క్రూడ్రైవరును కొంగుతో తుడుచుకుంటున్న భార్య కనబడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నేను కాదండీ, మా ఆవిడ. పన్నెండేళ్లుగా మా కొట్లో మిషన్లు బాగుచేసేది కూడా ఆవిడే. దండాలు పుచ్చుకునేది మాత్రం నేను."

"ఊరుకోండి, అందరూ వింటున్నారు," అందామె కంగారుగా.

"విననీ!"

అప్పటికే ఆమె చుట్టూ పిల్లలు మూగారు. "ఆంటీ, నాది! ఆంటీ, ముందు నాది!" అంటూ డజను క్యూబులు ఆమె ఒళ్లో పడ్డాయి. ఆమె నవ్వలేక, నవ్వాపుకోలేక ఉక్కిరిబిక్కిరైంది. పిల్ల తల్లి భుజం పట్టుకుని, "మా అమ్మే!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి ముందు బల్ల దగ్గర ఆమె కూర్చుని ఉంది. ఆయన పక్కన నిలబడి మిషన్లు తుడుస్తున్నాడు. మొదటి మిషన్ మోసుకొచ్చిన దర్జీ లోపలికి తొంగిచూసి, "మెకానిక్ గారు లేరామ్మా?" అని ఆమెనే అడిగాడు.

"ఎదురుగానే ఉన్నారు కదయ్యా," అన్నాడు ఆయన తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి. "ఇన్నాళ్లూ నేనే అడ్డంగా కూర్చున్నాను. చేసే పని ఎవరిదో, దానికొచ్చే పేరు కూడా వాళ్లదే కావాలి."