రంగు వేయని గొర్రెలు

పొద్దున్నే దొడ్డి ఊడ్చి, దాణా కలిపి, బకెట్టు తొట్టి దాకా మోసుకొచ్చేది గ్లోరీ. అప్పుడు ఆమె భర్త సునీల్ వచ్చి బకెట్టు పట్టుకుని నిలబడతాడు, ఫోటో దిగుతాడు, దాన్ని పశువుల డాక్టరుకు పంపి బకెట్టు మళ్ళీ ఆమె చేతికే ఇస్తాడు. గొర్రెలకు దాణా పెట్టేది సునీలేనని కట్టంగూరు మండలంలో తెలియనివాళ్ళు లేరు.

డాక్టరు శివకృష్ణ వాళ్ళ మందలో ఒక పరీక్ష పెట్టాడు. ఇరవై చూడి గొర్రెల్లో పదింటి వీపున నీలిరంగు పూశాడు. ఈనే ముందు రెండు నెలలు ఆ పదింటికే రోజూ తలా పావుకిలో దాణా, అందులో ఖనిజ లవణాల పొడి. మిగతా పది మేతకు పోయి దొరికింది తినాలి. పుట్టిన పిల్లలను తూచితే దాణా సత్తా ఎంతో తెలుస్తుంది. ఫలితం బాగుంటే ఊళ్ళో ప్రతి మందకూ బస్తాలు వస్తాయి.

ఏర్పాటు బాగానే ఉంది. కానీ తొట్టి దగ్గర నిలబడాల్సింది డాక్టరు కాదు కదా. నీలిరంగువి నములుతుంటే రంగులేనివి మధ్యన అడ్డం కట్టిన తడిక సందుల్లో మూతులు పెట్టి చూసేవి. ఆ చూపు గ్లోరీకి తెలుసు. మగవాళ్ళు తిని లేచాక అత్తాకోడళ్ళు గిన్నె అడుగు గోక్కునేటప్పుడు తన చూపూ అదే. ఇప్పుడు ఆమెకూ ఆరో నెల. మొదటి కాన్పప్పుడు మారు వడ్డించుకోబోతే అత్త సాలమ్మ చెయ్యి పట్టి ఆపేది. "ఎక్కువ తింటే కడుపుల పిల్ల లావైతది. కనేటప్పుడు నీకే తిప్పలు." పిల్ల లావు కాలేదు. కిలోముప్పావు బరువుతో పుట్టి, నకిరేకల్ దవాఖానలో పన్నెండు రోజులు గాజుపెట్టెలో ఉంది. దానికీ సాలమ్మ దగ్గర మాట ఉంది, తల్లిలోనే సత్తువ లేదని. గ్లోరీకి అప్పుడు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

మూడో రోజే ఆమె తడిక తీసేసింది. పదింటి దాణా ఇరవైకి పంచింది. ఫోటోలో బకెట్టు కనిపిస్తుంది గానీ తడిక కనిపించదు.

ఈనడాలు అయ్యాక డాక్టరు వచ్చి, పుట్టిన రోజున తూచి రాసిన బరువులన్నీ చూసి ముఖం వేలాడేశాడు. నీలిరంగువాటి పిల్లలూ, రంగులేనివాటి పిల్లలూ ఒకటే తూకం. ఈ దాణాతో ఫాయిదా లేదని రాయాలి, ఇక బస్తాలు రావు అన్నాడు. రంగున్నవాటికే పెట్టావా అని సునీల్‌ను అడిగాడు.

"నా చేతులతోని పెట్టిన సార్. రంగులేనిది దగ్గరికొస్తే తరిమిన."

రెండు నెలలు కొడుకు కంటికి కునుకు లేకుండా కష్టపడ్డాడని సాలమ్మ వంత పాడింది.

గ్లోరీ చాయ్ కప్పులతో గుమ్మంలో ఆగిపోయింది. నోరు విప్పితే మొగుని పరువు పోతుంది. విప్పకపోతే ఊళ్ళో ఏ చూడి గొర్రెకూ దాణా గింజ దక్కదు. పరువు మళ్ళీ వస్తుందిలే అనుకుని కప్పులు కింద పెట్టింది.

"పెట్టింది నేను సార్. అన్నిటికీ పెట్టిన. నిరుడు ఆరు పిల్లలు పుట్టంగనే సచ్చిపోయినయి, ఈసారి ఒక్కటి గూడ పోలే. కడుపుతోటి ఉన్నవాటిల కొన్నిటికి పెట్టి, కొన్నిటిని సూస్కుంట నిలబడమంటే నాతోని గాలే."

డాక్టరు పెన్ను ఆగింది. పరీక్షంతా పాడుచేశావమ్మా అని నెత్తి పట్టుకున్నాడు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. సగం దాణాకే ఇంత ఫలితమా అనుకుంటూ, వచ్చే ఈతకు మళ్ళీ చేద్దాం, అప్పటిదాకా ఏమీ రాయను అన్నాడు. దాణా పెట్టేవారి పేరు దగ్గర సునీల్‌ను కొట్టేసి గ్లోరీ అని రాసి, రంగు డబ్బా ఆమెకే ఇచ్చిపోయాడు. సునీల్ ఫోనులో అరవై ఫోటోలున్నాయి. ఒక్కటీ చూపించలేదు.

మధ్యాహ్నం అన్నాలకు గ్లోరీ నిండు కడుపుతో మొగుని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆమె కంచం అంచుకు బయటివైపు వేలెడు నీలిరంగు. సాలమ్మ గరిటె గాలిలో ఆగింది.

"గిదేంది?"

"దాణా పెట్టాల్సిన గుర్తు అత్తమ్మ."

సునీల్ తల వంచి అన్నం కలుపుకున్నాడు. సాలమ్మ రెండు గరిటెలు వేసింది, ఆగింది, గిన్నెలోని గుడ్డు కూడా వేసింది. తర్వాత మూలనున్న తన కంచం తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. నలభై ఏళ్ళుగా అందరికన్నా చివర కడిగే కంచం అది.

"నా దానికెందుకు ఎయ్యలే రంగు?" అంది.