రంగు రాని గొట్టం

ఆ మంగళవారం పొద్దున కూడా గొట్టంలో రంగు రాలేదు. ఆదివారం సెలవు తీసేస్తే వరసగా మూడో రోజు.

ముందు నా పనేంటో చెప్పాలి. ఆపరేషన్ అయిన కుక్కలకు, కాళ్ళు పడిపోయిన కుక్కలకు మళ్ళీ నడక నేర్పే ఆసుపత్రి మాది. గాజు గోడల పెట్టెలో ట్రెడ్‌మిల్ ఉంటుంది. కుక్కను లోపల నిలబెట్టి, తలుపు బిగించి, పక్క ట్యాంకులోంచి గోరువెచ్చని నీళ్ళు దాని తుంటి దాకా వదులుతాం. బరువు నీళ్ళు మోస్తాయి, కింద పట్టా కదులుతుంది, కుక్క నడుస్తుంది. అయిపోగానే ఆ నీళ్ళే ఫిల్టర్ గుండా మళ్ళీ ట్యాంకులోకి పోతాయి. రోజుకు ఎనిమిది కుక్కలు, అన్నిటికీ అవే నీళ్ళు. బొచ్చు, చొంగ, ఒక్కోసారి అంతకన్నా ఘోరం. ఆ నీళ్ళను శుభ్రంగా ఉంచడానికి రెండు నెలల కిందట నన్ను పెట్టుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే, అదీ కెమిస్ట్రీలో.

సాయంత్రం వెళ్ళేముందు క్లోరిన్ కొలిచి పోస్తాను. పొద్దున చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, ఒక మాత్ర వేసి, మూత బిగించి పక్కన పెడతాను. పుస్తకంలో తేదీ, టైము, నీళ్ళ వేడి రాసుకునేసరికి నిమిషం అవుతుంది. అప్పుడు చూస్తాను. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. తిరగలేదంటే లేనట్టు.

సాయంత్రం పోసింది పొద్దుటికల్లా ఎటు పోయినట్టు? ట్యాంకు గదికి తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, రెండోది బాబాయ్ దగ్గర.

బాబాయ్ నాకేమీ వరస కాడు, అందరికీ బాబాయే. పదకొండేళ్ళుగా కుక్కల్ని దువ్వేది, కడిగేది, నీళ్ళలో నడిపించేది ఆయన. నాకన్నా గంట ముందొస్తాడు. నాకు 'గొట్టాలమ్మ' అని పేరు పెట్టాడు.

"ఏం గొట్టాలమ్మా, ఏమంటోంది ఇవాళ నీ జాతకం?"

"రంగు రాలేదు బాబాయ్. ఎవరో నీళ్ళు మార్చేస్తున్నట్టున్నారు."

ఆయన చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ట్యాంకు జోలికెవరు పోతారమ్మా? నేనైతే ఆ గదిలో అడుగే పెట్టను."

నేను ఆయన్ని అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే తడుముకున్నాడు. పైగా క్లోరిన్ ఘాటు కుక్కల ముక్కుకి పడదని ఎప్పుడూ సణుగుతుంటాడు. సగం నీళ్ళు వదిలేసి పంపు నీళ్ళతో నింపుతున్నాడని నాకు అనుమానం. నేను చేరిన రోజునే డాక్టరమ్మ అందరినీ నిలబెట్టి చెప్పింది: ట్యాంకు మందులు ముట్టుకునేది ఈ అమ్మాయి ఒక్కతే, ఇంకెవరు ముట్టినా ఆ రోజే ఇంటికి పంపిస్తానని.

అప్పటికే మా దగ్గరికి నడకకు తెచ్చే ఒక బస్సు డ్రైవరు గారి నల్లకుక్కకు కళ్ళు ఎర్రబడ్డాయి, పొట్ట అదే పనిగా గోక్కుంటోంది. క్లోరిన్ లేని నీళ్ళలో పురుగు చేరిందనుకున్నాను. గదిలో ముక్కుపుటాలు మండే వాసన వస్తూనే ఉంది. దానికీ నా దగ్గర జవాబుంది: క్లోరిన్ చాలక మురికితో కలిసినప్పుడే ఘాటు ఎక్కువని చదువుకున్నాను. ఆ సాయంత్రం రెట్టింపు పోశాను.

బుధవారం ముప్పావు గంట ముందొచ్చాను. ట్యాంకు గది తలుపు ఓరగా తీసి ఉంది. బాబాయ్ బయటికొస్తూ నన్ను చూసి, చేతిలోని మగ్గును తువ్వాలు కిందికి తోసేశాడు.

"మగ్గుతో ఏం పని బాబాయ్?"

"గాజు కడిగానమ్మా."

వెళ్ళి గాజు తడిమాను. పొడిగా ఉంది. గొట్టంలో ఆ రోజూ రంగు లేదు. మధ్యాహ్నం బాబాయే నీళ్ళు మారుస్తున్నాడని కాగితం రాసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెప్పాను. నాన్న గోడలకు రంగులేస్తాడు, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగుంటుంది.

"ఆయన నీళ్ళు వదిలేస్తుంటే చూశావా?"

"మగ్గు చూశాను."

"మగ్గులో?"

"ఖాళీ మగ్గు నాన్నా."

"ఖాళీ మగ్గు మీద కాగితం రాశావన్నమాట. రేపు ఆయన్ని తీసేస్తే, ఆ వయసులో కుక్కల్ని నడిపించే పని ఇంకెక్కడ దొరుకుతుంది?" అంటూ కంచం దగ్గరికి లాక్కున్నాడు. అమ్మ మధ్యలో దూరి, "చదువుకున్న పిల్ల, ఊరికే రాస్తుందా?" అంది. ఆ మాటతో నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

గురువారం పదింటికి బాబాయ్‌ని డాక్టరమ్మ లోపలికి పిలిచింది. రుజువు చూపిద్దామని గొట్టం తీసుకుని ట్యాంకు దగ్గరికి పరిగెత్తాను. డ్రైవరు గారు నా వెనకాలే వచ్చారు.

"నా కుక్క కళ్ళు చూడమ్మా, కాలు బాగుచేస్తామని కళ్ళు పోగొడతారా?"

"ఆగండి సార్, మీ ముందే తేలుస్తాను." మాత్ర వేసి, మూత బిగించి, అలవాటుగా పుస్తకం వైపు తిరిగాను.

"అదేంటి, ఎర్రగా అయ్యి మళ్ళీ తెల్లబడింది?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే! నువ్వటు తిరిగావు, అది ఇటు ఎగిరిపోయింది."

ఇంకో మాత్ర వేసి కన్నార్పకుండా చూశాను. ముదురు గులాబీ ఒక్క క్షణం మెరిసి మాయమైంది. ఒక వంతు ట్యాంకు నీళ్ళకు తొమ్మిది వంతులు తాగేనీళ్ళు కలిపి మళ్ళీ చేశాను. రంగు నిలబడింది. రంగుల అట్టతో పోల్చాను: మూడు, మా ట్యాంకులో ఉండాల్సినంత. అంటే అసలు నీళ్ళలో దానికి పదింతలు. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే తినేస్తుంది. లేదు లేదనుకుంటూ రోజూ పోసిందాన్ని నేను.

లోపల బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద నా కాగితం.

"మేడమ్, ఆయన నీళ్ళు వదల్లేదు. నీళ్ళలో క్లోరిన్ ముప్ఫై ఉంది. నేను తప్పు చదివాను."

డాక్టరమ్మ గొట్టం వెలుగుకు పెట్టి చూసింది. "నువ్వెంత పోశావు?"

"పోసిందంతా లెక్కేసినా ముప్ఫై అవదు మేడమ్."

ఆమె బాబాయ్ వైపు తిరిగింది. "అయితే మగ్గుతో క్లోరిన్ పోశావన్నమాట. వద్దన్నాక ఎందుకు పోశావు?"

"అలవాటమ్మా," అని నేల చూశాడు. ఆ వెంటనే ఒక్కసారి నా వైపు చూశాడు.

ఆ చూపుతో నాకు వెలిగింది. చేరిన మొదటి వారం, శనివారం నేను మందు పోయడం మరచిపోయి ఇంటికెళ్ళాను. గుర్తొచ్చేసరికి ఆదివారం, సెలవు. సోమవారం పొద్దున నీళ్ళు తేటగా ఉన్నాయి, గొట్టం గులాబీ. దేవుడు గట్టెక్కించాడనుకున్నాను. గట్టెక్కించింది ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈ పిల్ల మళ్ళీ మరచిపోతే కుక్కల గతేంటని అప్పటినుంచి రోజూ ఓ మగ్గు పోస్తూ వచ్చాడు. మొదట్లో కొంచెం కొంచెం, నేను రంగు లేదని ఏడ్చిన ఈ వారం నిండుగా.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. అలవాటు అన్న మాట మీద ఆయన ఇంటికి పోతాడు.

"అలవాటు కాదు మేడమ్. ఒక శనివారం నేను మందు పోయడం మరిచిపోయాను. మీకు చెప్పలేదు. అది సర్దింది ఈయనే."

బాబాయ్ ముఖం చిట్లించాడు. డాక్టరమ్మ నా కాగితం నాకే తిరిగిచ్చింది. "దీని వెనకాల ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టు. ఎనిమిది ఇళ్ళకూ నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఒకరికి తెలియకుండా ఒకరు పోసింది చాలు, ఇక మందు పోసినా గొట్టం చూసినా ఇద్దరూ ఉండాలి. పోయి ట్యాంకు ఖాళీ చెయ్యండి."

బయట డ్రైవరు గారు కుక్క కళ్ళను మంచినీళ్ళతో కడుగుతున్నారు. ఆయనకే ముందు చెప్పాను. తిట్టారు. పడ్డాను.

ట్యాంకు ఖాళీ అవడానికి గంట పట్టింది. అడుగున బొచ్చు నల్లగా, తెల్లగా పేరుకుని ఉంది. బాబాయ్ లోపలికి దిగి తోముతుంటే నేను పైనుంచి రబ్బరు గొట్టం పట్టుకుని నీళ్ళు కొడుతున్నాను.

"శనివారం సంగతి నేను చెప్పానా?" అన్నాడు తలెత్తకుండా.

"లేదు బాబాయ్."

"మరి నువ్వెందుకు చెప్పావు? నా మీద రాసినప్పుడేమో నన్నొక్క మాట అడగలేదు, ఇప్పుడేమో అడక్కుండానే అన్నీ కక్కేశావు."

నేను రబ్బరు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాను.

"నీళ్ళు కాస్త ఇటు కొట్టు," అన్నాడు. "కళ్ళల్లో కాదు, మూలన."