ఖాళీ గళ్ళ చార్టు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథలో నేను చాలాసార్లు అరుస్తాను.

మా ఆయన నీలకంఠం రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆమదాలవలస నుంచి బదిలీ మీద రాష్ట్రం దాటి కిరండూల్ లైనుకి వచ్చాం. నేను కొండ కింద ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని, వరహాలమ్మ మేడంజీని. పిల్లలు నలభై ఇద్దరు, అందరూ చుట్టుపక్కల గోండు పల్లెల వాళ్ళు. నాతో హల్బీ, హిందీ కలిపి మాట్లాడతారు, వాళ్ళలో వాళ్ళు గోండీలో నవ్వుకుంటారు. నన్ను చూసే నవ్వుతున్నారేమోనని నాకు పదకొండేళ్ళుగా అనుమానం.

కొండ మీద కొత్త గని తెరిచిన ఏడు అది. బడి వెనక రెండెకరాల తుప్పలూ చెట్లూ ఉండేవి. లారీలు నిలపడానికి ఆ నేల చదును చేస్తామని ఫిబ్రవరిలో గని వాళ్ళు కబురు పెట్టారు. అదే నెలలో ప్రతి బడీ పర్యావరణ ప్రాజెక్టు చెయ్యాలని జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఆ రెండింటినీ ముడిపెట్టింది జయరావు గారు. గనిలో పర్యావరణ విభాగం అధికారి, మా బొబ్బిలి వైపు మనిషే.

"యాభై రకాలకి తక్కువ కాకుండా సూపించండి టీచరు గారూ. ఆకూ పువ్వూ కాయా చార్టుకి అంటించి సూపిస్తే నేల బడికే వదిలేయమని రాస్తాను. శనివారం వస్తాను. లేదంటే సోమవారం జేసీబీ వచ్చేస్తాది, నా సేతిలో ఉండదు" అన్నారు.

యాభై ఎంత, అడవి పిల్లలకి? గోడంత చార్టు మీద అరవై గళ్ళు గీశాను. సోమవారం పిల్లలకి చెప్పాను, బుధవారానికి తెమ్మన్నాను. బుధవారం అందరూ కలిసి పదకొండు రకాలు తెచ్చారు. అన్నీ రాలిపడిన ఎండుటాకులు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అడవిలో పుట్టి ఆకు కొయ్యడం చేతకాదా? సోమవారం ఆ చెట్లన్నీ పోతాయి, మీకు చీమ కుట్టినట్టయినా ఉండదా?" అని గొంతు చించుకున్నాను. తలలు దించుకు కూర్చున్నారు. మూడో తరగతిలో గంగే అనే పిల్ల ఒక్కతే నోరు విప్పింది. ఆ పిల్ల ఏడాదంతా నాతో పది మాటలు మాట్లాడి ఉండదు.

"పండుం కాలేదు మేడంజీ" అంది.

పండుం అంటే వాళ్ళ పండగ. "సెలవులు నేను చూసుకుంటాను, నువ్వు ఆకులు చూసుకో" అని కసిరి కూర్చోబెట్టాను.

సాయంత్రం బడి వదిలాక కూరల కత్తి పట్టుకుని నేనే వెళ్ళాను. తునికి, సారపప్పు, మద్ది, కనిపించిందల్లా కోశాను. మధ్యలో పెద్ద మామిడి చెట్టు, నిండా పిందెలు. పువ్వూ కాయా ఉన్న రెమ్మ ఒకటి చార్టుకి కోశాను. నాలుగు కాయలు కొంగులో వేసుకున్నాను. చేతిలో కత్తి ఉంది, చెట్టున కాయలున్నాయి, పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో. ఆ రాత్రి మామిడికాయ పప్పు తిని మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

గురువారం బడికి ఒక్క పిల్ల రాలేదు.

గంట కొట్టాను. మళ్ళీ కొట్టాను. పది దాటాక చెప్పులేసుకుని పల్లెకి నడిచాను, ఎవరి వీపు చీరాలా అని ఆలోచించుకుంటూ. గంగే వాళ్ళ నానమ్మ జోగి గుమ్మంలో అడ్డాకులతో దొన్నెలు కుడుతోంది. నిన్న తుప్పల చాటు నుంచి నన్ను చూసిందేమో, గంగే ఆవిడ వెనక దాక్కుంది. నేను అరవబోయే ముందే జోగి చాప చూపించింది. కూర్చున్నాక, ఊరి మంచిచెడ్డలు అడిగినంత నెమ్మదిగా అడిగింది.

"నువ్వు కోసిన మామిడికాయలో టెంక గట్టిపడిందా?"

"లేదు. కత్తికి మెత్తగా తెగింది."

"పాతితే మొలుస్తుందా?"

"మొలవదు."

"అందుకే పండుం దాకా ఆగుతాం. టెంక ముదరాలి. ఉడత తినాలి, చిలక తినాలి, నాలుగు నేలన పడాలి. అప్పుడు పెద్దలకి పెట్టి మేం తింటాం. మామిడికే కాదు, పూతా కాపూ పట్టిన ఏ రెమ్మకైనా అంతే. నీ బడి పిల్లలు చేతకాక తేలేదనుకున్నావా?"

మళ్ళీ దొన్నె కుట్టుకోసాగింది. ఏటా బడి గోడ మీద 'ప్రకృతిని కాపాడుదాం' అని రంగు వేయిస్తాను. కాపాడే పని జరుగుతున్నది ఎక్కడో నాకు పదకొండేళ్ళలో తెలియలేదు. పిందెలు చూసి నోరూరని పిల్లలుంటారా? నలభై ఇద్దరు రోజూ ఆ చెట్టు కిందే ఆడతారు. ఒక్కరు రాయి విసరగా నేను చూడలేదు, చూడలేదన్న సంగతి కూడా గమనించలేదు. సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా, ఎంత పెద్దదాని ముందు కూర్చున్నానో అనిపించింది.

"ఏం చెయ్యాలి?" అని అడిగాను.

"కోసినవి చెట్టు దగ్గర పెట్టి చెప్పుకో. పండుం దాకా మామిడి ముట్టకు."

శుక్రవారం పొద్దున్న పిల్లలందరి ముందు నేను కోసి అంటించిన రెమ్మలన్నీ ఊడదీసి మామిడి మొదట్లో పెట్టాను. తప్పయిపోయిందని తెలుగులోనే చెప్పుకున్నాను, వేరే భాషలో బతిమాలడం నాకు రాదు. పిల్లలు ఈసారి నవ్వలేదు. గంగే వచ్చి నా కొంగు పట్టుకుంది.

"కొయ్యకుండా చూపిస్తాం మేడంజీ, రాసుకో."

నడిచాం. వేలు పెట్టి చూపించరు, గడ్డంతో చూపిస్తారు. లేత కాయకి వేలు చూపితే రాలిపోతుందట. మా అమ్మమ్మ కూడా గుమ్మడి పిందెకి వేలు చూపనిచ్చేది కాదు. ఈ తీగ గడ్డ కరువొస్తే తింటారు, మొదలు మళ్ళీ పాతిపెడతారు. ఈ పుట్ట జోలికి మా బడి పిల్లాడు మాసా వాళ్ళ ఇంటివారు పోరు, అందులో పాము వాళ్ళ గోత్రానిది. ఆ కొమ్మ మీది ఎర్రచీమల గూడు జ్వరానికి మందు. నేను తుప్పలని పిలిచిన చోట రెండు అడుగులకి ఒక పేరు పుడుతోంది. మధ్యాహ్నానికి ఎనభై మూడు. బడి వదిలే వేళకి నూట ఇరవై నాలుగు దగ్గర నా పెన్నులో సిరా అయిపోయింది. పిల్లలు చెప్పే పేర్లు మాత్రం అయిపోలేదు.

చార్టు మీద ఒక్కో గడి కింద ఒక్కో పేరు రాయించాను. పేరు పక్కన ఎప్పుడు కొయ్యవచ్చో రాయించాను. గళ్ళు ఖాళీగానే ఉంచాను.

శనివారం జయరావు గారు వచ్చి చార్టు ముందు నిలబడ్డారు. "ఇదేటండి, ఒక్కటీ అంటించలేదేటి?"

"చెట్ల మీదే ఉన్నాయండి. వచ్చి చూడండి" అన్నాను.

బడి వెనక పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క మొక్క పక్కన నిలబడి ఉన్నారు. ఆయన వెళ్ళిన చోటల్లా అక్కడి పిల్ల మొక్క పేరు చెప్పింది, ఎవరు తింటారో చెప్పింది, ఎప్పుడు కొయ్యాలో చెప్పింది. నేను హిందీ నుంచి తెలుగు చెయ్యబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. చివర గుగ్గిలం చెట్టు కింద గంగే ఒట్టి నేల పక్కన నిలబడి ఉంది.

"ఇక్కడేం లేదు కదమ్మా?" అన్నారు.

"ఉంది. బోడా పుట్టగొడుగు. తొలి ఉరుము వచ్చాక నేలలోంచి తీస్తాం. మీరు దాని మీదే నిలబడ్డారు."

ఆయన బూటు ఎత్తి చూసుకుని రెండడుగులు వెనక్కి వేశారు.

"ఈ విభాగానికి రాకముందు ఇరవయ్యేళ్ళు నేల కింద ఏముందో సెప్పడమే నా ఉద్యోగం టీచరు గారూ. ఈ కొండంతా బోర్లేసి మ్యాపు గీసింది మేమే. ఇది మా మ్యాపులో లేదు" అన్నారు. తరువాత తలగోక్కున్నారు. "ఐతే నమూనా లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు. ఒక్క మామిడి రెమ్మ ఇప్పించండి సాలు."

నలభై రెండు మొహాలు నా వైపు తిరిగాయి. సోమవారం వచ్చే జేసీబీ నా కళ్ళ ముందే ఉంది. ఒక్క రెమ్మ ఇస్తే చాలు, నేల మాదవుతుంది.

"ఇవ్వనండి. ఇప్పటికే ఒకసారి కోసి తప్పు చేశాను" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఫారం మీద 'నమూనాలు పండలేదు, తొలి వాన తరువాత మళ్ళీ తనిఖీ' అని రాసుకుని వెళ్ళిపోయారు. సోమవారం జేసీబీ రాలేదు. అలాగని నిద్రా పట్టలేదు, వాన దాకా గడువే కానీ హామీ లేదు.

ఏప్రిల్లో పండుం రోజున గంగే ఆకులో మామిడి ముక్క తెచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మార్చి నెలంతా మామిడి లేకుండా గడపడం నాకదే మొదటిసారి. "నీ మూలాన పప్పులో సింతపండే గతైపోనాది" అని గొణిగిన మా ఆయన కూడా ఆ ముక్కని కళ్ళకద్దుకున్నాడు.

జూన్‌లో బడి తెరిచిన వారానికి ఉరిమింది. మర్నాడు జయరావు గారు తడిసిన స్కూటర్ మీద వచ్చారు. గంగే గుగ్గిలం కింద పుల్లతో నేల గీరింది. ఎర్ర మట్టిలోంచి గోళీలంత తెల్లటి బోడా ఒకటి, పక్కనే ఇంకొకటి, ఆ పక్కనే గుప్పెడు. ఏ విత్తనమూ వెయ్యని నేల. జయరావు గారు మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. ఒకదాని కోసం చెయ్యి చాపి, ఠక్కున వెనక్కి తీసుకుని గంగే మొహంలోకి చూశారు.

"దీనికి పండుం అయిందా అమ్మా?"

గంగే నవ్వింది. "దీనికి ఉరుమే పండుం. తీసుకోండి సార్."

ఆయన ఒక్కటే తీసుకున్నారు. మిగిలిన చోట గంగే మట్టి కప్పింది. అక్కడే మోకాలి మీద ఫారం పెట్టుకుని, నేల బడికి వదిలేయాలని రాసి సంతకం చేశారు. ఆ సంతకం మీద ఆయన వేలి ఎర్ర మట్టి అంటుకుంది. నేను తుడవలేదు.