ఆరూ ఇరవైకి పెరిగే అంకె

నాలుగు, ఇంకా నాలుగే, పొద్దున ఎనిమిదింటి నుంచి నాలుగు దాటలేదు, బస్సు పై అంతస్తులో కూర్చున్న శేషగిరి ఫోన్ తెరను బొటనవేలితో కిందికి లాగి వదిలాడు, చిన్న చక్రం తిరిగి ఇంటి గాలిలో పొగ, దుమ్ము ఎంతో చెప్పే అంకె మళ్ళీ నాలుగే చూపించింది, అంటే హాల్లో ప్యూరిఫయర్ పచ్చలైటు వేసుకుని నెమ్మదిగా గాలి పీల్చి వదులుతోంది, రిషిత గదిలోదీ పచ్చగానే ఉంది, అంటే పాపకు ఈ రోజు ఆయాసం లేదు, లేదనే కదా అర్థం, మరి భార్య ప్రవల్లిక మధ్యాహ్నం నుంచి ఒక్క మెసేజ్ ఎందుకు పెట్టలేదు, దగ్గు మొదలై ఉంటే చెప్పేది, చెప్పేదేనా, ఈ మధ్య ఏదీ చెప్పడం లేదు, చెబితే అతను వెంటనే వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తాడని ఆమెకు తెలుసు, కిటికీ అవతల లీడ్స్ అంతా సన్నటి వానలో తడుస్తోంది, రెండు స్టాపుల తర్వాత దిగాలి, టైము ఆరు దాటింది, అంకె ఈసారి ఐదు, అయ్యో ఐదెందుకు, లేదు, మళ్ళీ నాలుగు.

జనవరిలో ఏ అంకెలూ తెలియవు, ఆరేళ్ళ పిల్ల పక్కటెముకలు ఊపిరి తీసిన ప్రతిసారీ లోపలికి గుంజుకుపోవడం మాత్రమే కనిపించింది, ఆస్పత్రిలో మాస్కు పెట్టుకుని ఆ పొగలాంటి మందులోంచి అతన్నే చూస్తున్న ఆ కళ్ళు, డాడీ ఐ కాంట్ అన్నది, ఏది కాంటో చెప్పడానికి ఊపిరి చాలలేదు, తర్వాత ఒక వారానికి డాక్టరు క్లినిక్‌లో ఆస్తమా నర్సు నవ్వుతూనే అడిగింది, ఇంట్లో గోడలకు డ్యాంప్, చెమ్మ ఉందా, పెంపుడు జంతువులున్నాయా, ఎవరైనా స్మోక్ చేస్తారా, నో, నో, నో, మూడింటికీ ఒకే గొంతుతో చెప్పాడు, అందులో అబద్ధం ఏముంది, ఇంట్లో ఎప్పుడూ కాల్చలేదు, పెళ్ళప్పుడే మానేశానని ప్రవల్లికకు చెప్పాడు, మానేశాడు కూడా, నాలుగేళ్ళు, ఆ సాయంత్రమే మొదటి ప్యూరిఫయర్ ఆర్డర్ పెట్టాడు, తర్వాత పాప గదికి ఒకటి, వంటగదికి ఒకటి, ఆపైన గాలి చెడిందని ప్యూరిఫయర్ చెప్పగానే దానంతటదే లేచి తిరిగే ఫ్యాను, అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి, ఆఫీసులో మీటింగ్ మధ్యలో కూడా కనిపిస్తాయి, అయినా దాదాపు ప్రతి సాయంత్రం ఆరూ ఇరవై, ఆరున్నర మధ్య అంకె కొండలా లేస్తుంది, అది వంట వేళ, ఇంకేం కావాలి, తిరగమాత పెట్టొద్దు అన్నాడు, ఆమె పెట్టడం మానేసింది, చప్పిడి పప్పు తిన్నారు, అంకె లేచింది, అగరబత్తి వద్దు అన్నాడు, ప్రవల్లిక దేవుడి పటం ముందు ఖాళీ స్టాండు వైపు చాలాసేపు చూసి, కడప నుంచి మా యమ్మ పంపినవి ఏం చేయాల, బయట పారేద్దామా అని అడిగింది, అంకె మళ్ళీ లేచింది, అప్పుడు కింది ఫ్లాట్ ముసలాయన మీదికి పోయింది అనుమానం, ఆయన పైపు కాలుస్తాడు, ఆ పొగే మెట్ల మీదుగా పైకొస్తోందని కౌన్సిల్‌కు మెయిల్ రాశాడు, ఆస్తమా ఉన్న పిల్ల అని రెండుసార్లు రాశాడు, ఆయన మాత్రం మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా హౌ ఈజ్ ద లిటిల్ వన్ అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ ముసలాయన శనివారమే స్కాట్లండ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళాడు, నిన్న పొయ్యి పాడైంది, బాగుచేసేవాడు రేపు గాని రాడు, ఇంట్లో వంటే లేదు, బ్రెడ్డు, పెరుగు, టేకవే, అందుకే ఈ రోజు నాలుగు, ఆరున్నరకు కూడా నాలుగే ఉంటే ఇక సందేహం లేదు, వంటే, ప్రవల్లికకు చూపించాలి, కోపంగా కాదు, మెల్లగా, చూడు, నేను చెప్పలేదా అని, బస్సు దిగి షెల్టర్ వెనక్కి నడిచాడు, రోజూ నిలబడే చోటే, రోజుకు ఇది ఒక్కటే, ఆఫీసు దగ్గరిది లెక్కలోకి రాదు, బయటే కదా, గాలి ఎంత వీస్తోంది, ఇదంతా ఎటో కొట్టుకుపోతుంది, ఆ ఆరు నిమిషాలు లేకపోతే రోజంతా ఆ అంకెను ఎట్లా మోయాలి, పాప దగ్గు వినగానే గుండెలో పడే ఆ దెబ్బను ఎట్లా మోయాలి, సిగరెట్ ఆర్పేసి చేతులకు జెల్లు రాసుకున్నాడు, పుదీనా బిళ్ళ నోట్లో వేసుకున్నాడు, కోటు రెండుసార్లు దులిపాడు, ఫోన్ చూశాడు, నాలుగు.

తలుపు తీయగానే రిషిత ఎప్పటిలాగే పరుగున వచ్చింది, డాడీ, హాఫ్ టర్మ్ ఈజ్ సో బోరింగ్, బడికి వారం సెలవులు, ఎత్తుకున్నాడు, మెడలో మొహం దాచుకుంది, వీపు మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టాడు, గరగర లేదు, దేవుడా లేదు, ప్రవల్లిక సోఫాలో బట్టలు మడతపెడుతోంది, పొయ్యివాడు ఫోన్ చేసినాడు, తొమ్మిదికి వస్తాడంట అంది, సరే, చెబుదాం, ఇప్పుడే చూపిద్దాం అని పాపను ఎత్తుకునే రెండో చేత్తో ఫోన్ తీశాడు, తొమ్మిది, లాగి వదిలాడు, పదిహేడు, ఏమిటిది, ముప్పై ఒకటి, మూలన ప్యూరిఫయర్ పచ్చ నుంచి నారింజకు, నారింజ నుంచి ఎరుపుకు తిరిగింది, ఫ్యాను దానంతటదే రయ్యిమని లేచింది, ఏం వెలిగించావ్ అన్నాడు, గొంతు అతనికే పరాయిగా వినిపించింది, ప్రవల్లిక మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది, పొయ్యి లేదు, తిరగమాత లేదు, అగరబత్తి లేదు, కిందాయన ఊర్లోనే లేడు, ఇంక ఎవురి మీద వేస్తారో మీరే చెప్పండి అంది, అరవలేదు, అరిచినా బాగుండేది, కిటికీలు చూశాడు, మూసే ఉన్నాయి, వంటగదిలోకి వెళ్ళాడు, పొయ్యి చల్లగా ఉంది, పాప ఇంకా మెడను కరుచుకునే ఉంది, పాపతో పాటు వెళ్ళాడు, వంటగది ప్యూరిఫయర్ కూడా అతను చూస్తుండగానే ఎర్రబడింది, ఇట్స్ ఓకే డాడీ అంది రిషిత అతని చెవిలో, ఇట్ ఆల్వేస్ డజ్ దట్ వెన్ యూ కమ్ హోమ్.

పాపను కిందికి దించాడు, దించి రెండు అడుగులు వెనక్కి వేశాడు, ఎందుకు దించేశారని పాప మొహం అడుగుతోంది, ఫోన్‌లో పాత రోజులన్నీ వెనక్కి తోశాడు, పోయిన సోమవారం ఆరూ ఇరవై రెండు, మంగళవారం ఆరూ ఇరవై, బుధవారం బస్సు ఆలస్యమైంది, ఆరూ నలభై, శనివారం లేదు, ఆదివారం లేదు, శనివారం ప్రవల్లిక చేపలు వేయించింది కదా, అయినా ఇంత లేదు, మార్చిలో అతనికి ఫ్లూ వచ్చి మంచం దిగని వారమంతా లేదు, ఇన్నిసార్లు చూశాడు ఈ గీతను, ఎన్ని వందలసార్లు, అంకెను చూశాడు గాని ఆ వేళకు ఎవరు ఇంట్లోకి వస్తున్నారో చూడలేదు, పొగ పట్టిన కోటు విప్పాడు, ఎక్కడ పెట్టాలో తెలియలేదు, తలుపు తీసి మెట్ల మీదికి విసిరాడు, ప్రవల్లీ, నేనే, అన్నాడు, ఏంది అంది ఆమె, బస్‌స్టాప్ దగ్గర, రోజూ, పాప పుట్టిన ఏడాది నుంచి, ఆమె లేచి నిలబడింది, పాప తలను తన నడుముకు అదుముకుని అడిగింది ఒక్కటే, ఆ నర్సు అడిగినప్పుడు గుర్తు రాలేదా మీకు.

గుర్తు రాలేదు అని నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగింది, ఎందుకంటే గుర్తొచ్చింది, నర్సు ప్రశ్న పూర్తి కాకముందే వేళ్ళ వాసన గుర్తొచ్చింది, ఆ చేతులను కుర్చీ కింద దాచుకుని నో అన్నాడు, గాలి గురించి అతనికి తెలియక కాదు ఈ యంత్రాలన్నీ, తిరగమాత మానిపించింది, ముసలాయన మీద మెయిల్ రాసింది, పగలంతా అంకె చూసుకుంటూ వణికింది, అన్నీ ఆ ఒక్క ప్రశ్నను ఎవరూ రెండోసారి అడగకుండా ఉండడానికే, ఇప్పుడు భార్య అడిగింది, ఫ్యాను ఇంకా గట్టిగా తిరుగుతూనే ఉంది, అతను ఆమె కళ్ళలోకి చూసి, వచ్చింది, అన్నాడు, నాకు జనవరి నుంచీ తెలుసు.